కనకాంబరం ఎందుకు వాడిపోతుంది?

పెన్‌స్టెమన్ అనే పూలమొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికా. చిన్న బాకాల్లాంటి పూలు, ఎరుపు, ఊదా, నీలం రంగుల్లో. చాలా రకాల్లో గింజ మొలవాలంటే కొన్ని వారాలు తడిగా, చల్లగా ఉండాలి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అంత చలి దొరకదు. అయితే దాన్ని పెంచేవాళ్లు ముందుగా చెప్పే మాట మనకూ పనికొస్తుంది. వేరు దగ్గర నీరు నిలిస్తే మొక్క బతకదు. మన పెరటి కనకాంబరానికీ ఇదే ప్రాణగండం.

కనకాంబరం దక్షిణ భారతం, శ్రీలంకల మొక్కే. వేడిని తట్టుకుంటుంది. మరి ఎందుకు చనిపోతుంది?

వేరుకు నీటితోపాటు గాలీ కావాలి. నల్లరేగడి మట్టి రేణువులు చాలా సన్నవి. తడిస్తే ఉబ్బి, మధ్య సందులు మూసుకుపోతాయి. పైగా ఈ ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. పొలాలకు నీరు పెట్టాక పక్క పెరళ్లలోనూ నేల అడుగున చెమ్మ పైకి వస్తుంది. గాలి అందని వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. దాంతో మడి తడిగా ఉన్నా ఆకులు వేలాడతాయి. చూసినవాళ్లు దాహమనుకుని మరో చెంబు పోస్తారు. మొక్కకు ఆఖరి దెబ్బ అదే.

అందుకే నీళ్లు పోసే ముందు మట్టిలోకి వేలు రెండు కణుపులు దించి చూడండి. చల్లగా తగిలితే ఆ రోజుకు పోయవద్దు. నేలలో నేరుగా నాటకుండా అడుగు ఎత్తున మడి కట్టండి. మట్టి గుల్లబారడానికి వరి ఊక కలపండి. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని ఈ ప్రాంతంలో ఊకకు కొదవలేదు. అందులో సిలికా ఎక్కువ, త్వరగా చివకదు. కానీ ఊక కాల్చిన బూడిద మాత్రం వద్దు. అది క్షార గుణాన్ని (సున్నం లాంటి గుణాన్ని) పెంచుతుంది.

ఆ గుణం పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. క్షార గుణమున్న బోరు నీరు వాడే ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు పచ్చగా వస్తాయి.

తడి సరిగా ఉండీ మొక్క గిడసబారితే ఒకటి పీకి వేరు కడిగి చూడాలి. వేరు పొడుగునా పూసల్లాంటి బుడిపెలుంటే నెమటోడ్లు (కంటికి ఆనని నులిపురుగులు) చేరాయని అర్థం. పెసర, వేరుశనగ వేళ్ల మీద మేలు చేసే బుడిపెలూ ఉంటాయి, అవి గోటితో గీరితే ఊడొస్తాయి. నెమటోడ్ల బుడిపెలు ఊడవు, అక్కడ వేరు తానే ఉబ్బి ఉంటుంది. ఆ మొక్కను తీసి కాల్చేయాలి. ఖాళీ అయిన మడిలో రెండు మూడు నెలలు బంతి పెంచండి. బంతి వేళ్ల నుంచి ఊరే పదార్థాలు ఈ పురుగులను తగ్గిస్తాయి. ఆ తర్వాత గుంటకు రెండు గుప్పెళ్ల వేపపిండి వేసి నాటుకోవచ్చు.

నాటడానికి వానాకాలం అనువు. ఎండిన కంకి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లితే కాయలు టప్‌మని పేలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. వాన తగిలినప్పుడే విత్తనం చల్లుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటిది. గింజలు కావాలంటే కంకిని మూతపెట్టిన గిన్నెలో తడపండి. నర్సరీల్లో దొరికే ఢిల్లీ కనకాంబరం ట్రిప్లాయిడ్ (క్రోమోజోములు మూడేసి ఉండే రకం), గింజ కట్టదు. దాన్ని కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. జానెడు కొమ్మ కోసి, కింది ఆకులు తుంచి, ఇసుకలో గుచ్చి నీడన ఉంచండి. వేసవి మధ్యాహ్నపు ఎండ సోకకుండా ఇంటికి తూర్పు పక్కన నాటితే పూల రంగు వెలవదు.