సీసాలోని సేద్యగాళ్లు
— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

మా జువాలజీ లాబ్‌లోకి ఈ మధ్య ఎప్పుడైనా వచ్చారా? తలుపు పక్కన బల్లమీద ఒక గాజుతొట్టి, అందులో నారింజ రంగు ఒంటిమీద తెల్లపట్టీలతో తిరుగుతున్న రెండు క్లౌన్ చేపలు కనిపిస్తాయి. చూసినవాళ్లంతా ముచ్చట పడతారు. కాని వీటికి ముందు అదే తొట్టిలో మరో రెండు చేపలు నాలుగు రోజులు మాత్రమే బతికాయని చాలామందికి తెలియదు. ఆ తప్పు నాది. ఆ తప్పే ఈ వ్యాసానికి మూలం.

తొట్టి 200 లీటర్లది. లీటరుకు 35 గ్రాముల చొప్పున 7 కిలోల సముద్రలవణ మిశ్రమం కలిపాం. నీళ్లు తేటగా, అద్దంలా ఉన్నాయి. విద్యార్థులందరం చందాలు వేసుకొని తెప్పించిన బాక్టీరియా సీసా ఒకటి నా చేతికిచ్చారు. నేను దాన్ని ఎండపడే కిటికీలో రెండు రోజులు మరచిపోయి, ఆ తర్వాత తొట్టిలో పోసి, మర్నాడే చేపల్ని వదిలాను. నాలుగో రోజుకి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ రొప్పాయి. సాయంత్రానికి పోయాయి. పరీక్ష చేస్తే నీటినిండా అమ్మోనియా!

తేటనీరు వేరు, మంచినీరు వేరు అని నాకు అప్పుడు తెలిసింది.

అసలు జరిగేదేమిటి? చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియాగా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియాయే. సముద్రంలో అయితే అది ఎక్కడికక్కడ కలిసిపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషరూపం వాటా పెరుగుతుంది. అందుకే పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టి కంటే ఇక్కడ ప్రమాదం ఎక్కువ.

ఈ విషాన్ని విరిచేవి కంటికి కనబడని జీవులు. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఉప్పునీటిలోని క్లోరైడ్ అడ్డుపడటం వల్ల నైట్రైట్ విషం ఇక్కడ కొంత తక్కువ. నైట్రేట్ మరీ పెరగకుండా అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే చాలు. ఈ బాక్టీరియా పనిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ విడదీసి చూపించాడు. 2005లో ఇంకో వింత బయటపడింది. అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టి గులకరాళ్ల నుండి అమ్మోనియాను ఆక్సీకరించే ఒక ఆర్కియాను వేరుచేశారు. అంటే బాక్టీరియాయే కాని జీవులు కూడా ఈ పని చేస్తున్నాయన్నమాట!

మరి ఇవి వాటంతటవి రావా? వస్తాయి. కాని ఆలస్యంగా. ఇ. కోలై బాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. వీటికి సగం రోజో, ఒక రోజో, ఇంకా ఎక్కువో పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి మామూలుగా 4 నుండి 6 వారాలు కావాలి. సీసా ఆ వ్యవధిని తగ్గిస్తుంది, అంతే.

సీసా అంటే నారు. పంట కాదు.

ఇది రైతుబిడ్డనైన నాకు ముందే తట్టవలసిన మాట. మా ఊళ్లో మినుము విత్తేముందు రైజోబియం పొడిని బెల్లం పానకంతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెడతారు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడనిదే మా నాన్న దాన్ని ముట్టడు. ఎండలో అసలే పెట్టనివ్వడు. సీసాలోనివీ ప్రాణులే. బాసిల్లస్ లాగా ఇవి గట్టి సిద్ధబీజాలు కట్టుకోలేవు. ఎండకి, గడ్డకట్టే చలికి చస్తాయి.

ఇంకో తమాషా చూడండి. పొలంలో యూరియా అమ్మోనియాగా మారగానే ఈ జాతి బాక్టీరియాయే దాన్ని నైట్రేట్ చేస్తాయి. ఆ నైట్రేట్ నీటితో కొట్టుకుపోతుంది. ఆ వేగం తగ్గించడానికే యూరియాకి వేపనూనె పూస్తారు. మన దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ 2015లో వేపపూత తప్పనిసరి చేశారు. అంటే మా నాన్న పొలంలో ఏ జీవుల్ని నెమ్మదించమంటున్నాడో, నేను తొట్టిలో వాటినే తొందరపెడుతున్నాను!

రెండోసారి పద్ధతిగా చేశాం. ముందు లవణం, వేడి, పీహెచ్ సరిచూశాం. గడువు చూసి తెచ్చిన కొత్త సీసాను బాగా కుదిపి, రాళ్లమీద, ఫిల్టర్ స్పాంజిమీద పోశాం. ఎందుకంటే ఇవి నీళ్లలో తేలుతూ కాదు, దేన్నైనా అంటిపెట్టుకొని కాపురం చేస్తాయి. మొదటి కొద్దిరోజులు అల్ట్రావయొలెట్ దీపాన్ని, నురుగు తీసే యంత్రాన్ని ఆపాం. గాలిపంపు మాత్రం ఆపలేదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని పూర్తిగా నైట్రేట్ కావాలంటే సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి మరి.

చేపకు బదులు కెమిస్ట్రీ లాబ్ నుంచి అమ్మోనియం క్లోరైడ్ తెచ్చాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా రావడానికి 200 లీటర్లకు సుమారు 1.26 గ్రాములు సరిపోయింది. రోజూ కొలిచి పుస్తకంలో రాశాం. మొదటి వారం అమ్మోనియా కదల్లేదు. తర్వాత తగ్గుతూ నైట్రైట్ పెరిగింది. 17వ రోజున, వేసిన అమ్మోనియా, దాని నుంచి వచ్చిన నైట్రైట్ రెండూ 24 గంటల్లో సున్నాకి వచ్చాయి. కొంత నీరు మార్చి, ఆ తర్వాతే రెండు చేపల్ని వదిలాం.

సెలవుల్లో ఈ కథ చెబితే నాన్న నవ్వి, "విత్తనం వేసిన మర్నాడే కోతకెళితే ఎట్టారా?" అన్నాడు. మూడేళ్ల చదువులో నేను రాసుకున్న నోట్సులో ఇంత చిన్న వాక్యం లేదు.

ఈ ఏడాదితో మేం వెళ్లిపోతాం. జూనియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మనవి. ఆ స్పాంజిని ఎన్నడూ కుళాయి నీళ్లతో కడగకండి. అందులోని క్లోరిన్ మన సేద్యగాళ్లను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కొలతల పుస్తకం బల్ల సొరుగులో ఉంది. మొదటి పేజీలో చనిపోయిన ఆ రెండు చేపల సంగతి కూడా రాశాను. దాన్ని చింపకండి.