మందగమనమున మొరాయించు పడవ ఇంజను

నేలపై నడచు వాహనములకును నీటిపై నడచు పడవలకును గల భేదములలో మిక్కిలి ముఖ్యమైనది, జనులు తఱచుగా మఱచునది, ఒకటి కలదు: పడవకు బ్రేకు లేదు. రేవునొద్దకు వచ్చు మోటారు పడవను నిలుపవలెనన్నచో చోదకుడు ఇంజను వేగమును తగ్గించి, గేరును తటస్థస్థితికి తెచ్చి, అటనుండి వెనుకకు మార్చి, ప్రొపెల్లరును విపరీతదిశను త్రిప్పి పడవ జోరును హరింపవలెను. సరిగా ఆ క్షణముననే, గేరు పడినంతనే, ఇంజను గొంతు పూడి ఆగిపోయినచో, పడవ తన బరువుతో తాను సాగి గట్టునకో, ప్రక్క పడవకో, నీట నిలిచిన మనుష్యులకో తగులును. ఋషికొండ తీరమునను, విజయవాడయొద్ద కృష్ణలోను విహారమునకు తిరుగు పడవలు జనము దిగుచోటనే ఇట్లు వేగము తగ్గించుకొని గేరులు మార్చుకొనవలసియుండును. కావున మెకానిక్కులు ఐడ్లింగు అని పిలుచు మందగమనము కారులో సౌఖ్యమునకు సంబంధించినదైనను, పడవలో ప్రాణరక్షణకు సంబంధించినది.

పెట్రోలు ఇంజను ఈ స్థితిలో సాధారణముగా నిమిషమునకు 600 నుండి 900 చుట్లు తిరుగును. అప్పుడు గాలిని లోనికి విడుచు థ్రాటిల్ తలుపు దాదాపుగా మూసికొనియుండును. పిస్టనులు గాలిని పీల్చుచుండ అది చాలినంత రాకపోవుటచేత లోపలి గొట్టములలో పీడనము, వాతావరణ పీడనమైన 101 కిలోపాస్కళ్లలో ఇంచుమించు మూడవవంతునకు పడిపోవును. పడవ వెనుక వెలుపల తగిలించు ఔట్‌బోర్డు ఇంజను, సుమారు 150 అశ్వశక్తులది, పూర్తివేగమున గంటకు 50 లీటర్లకు పైగా పెట్రోలును త్రాగును. మందగమనమున రెండు మూడు లీటర్లతో సరిపెట్టుకొనును. వరద గోదావరిలో కడవెడు నీరు కలిపినను ఎవరికిని తెలియదు గాని, చెంబెడు నీటిలో గరిటెడు కలిపినచో వెంటనే తెలియును. పూర్తివేగమున ఇసుమంతయు బయటపడని చిన్న రంధ్రము, చిన్న మలినము, చిన్న తడబాటు మందగమనమున పెనుభూతమగుటకు కారణమిదియే.

గాలికిని పెట్రోలునకును గల నిష్పత్తి భారమునుబట్టి 14.7కు 1 సమీపమున ఉన్నచో దహనము సంపూర్ణమగును. పూర్వము ఈ పొత్తును కార్బ్యురేటరు తన సన్నని రంధ్రములతో కుదిర్చెడిది. 1967లో బాష్ సంస్థవారి విద్యుత్ నియంత్రిత ఇంధనప్రక్షేపణము వోక్స్‌వాగన్ కార్లలో అమరినది మొదలు ఆ భారము క్రమముగా కంప్యూటరుపై పడినది. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 700 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క ఇంజెక్టరు సెకనునకు ఇంచుమించు ఆఱు మార్లు, ప్రతి మారును రెండు మూడు మిల్లీసెకనులు మాత్రమే తెఱచికొని పెట్రోలును చిమ్మును. మూసిన థ్రాటిల్ తలుపును తప్పించుకొని ప్రక్కదారిన గాలిని పంపు ఒక చిన్న కవాటమును, దానిని మెకానిక్కులు ఐ.ఏ.సి. వాల్వు అందురు, కంప్యూటరు క్షణక్షణమును తెఱచుచు మూయుచు వేగమును నిలుపుచుండును.

రోగనిదానమునందలి చిక్కంతయు ఇచ్చటనే కలదు. కంప్యూటరు దోషమును సహింపదు, దానిని కప్పిపుచ్చును. గాలిమార్గము మసితోను ఉప్పుతోను పూడుచుండగా అది కవాటమును మఱికొంత, మఱికొంత తెఱచుచు నెలలకొలది వేగమును కాపాడును. ఇక తెఱచుటకు చోటు లేనినాడు ఇంజను గేరులో ఆగిపోవును. యజమాని దానిని నిన్న పుట్టిన రోగమని తలచును గాని అది ఎన్నడో పుట్టినది. కావున స్కానరును తగిలించినపుడు దోషసంకేతములకంటె ముందుగ చూడవలసినది ఈ కవాటము ఎంతవఱకు తెఱచియున్నదను అంకెయని నా దృఢాభిప్రాయము. అది మితిమీరి తెఱచియున్నచో మార్గము పూడినదనియో, ఇంజనుపై అధికభారము పడుచున్నదనియో ఊహింపవచ్చును. దాదాపు పూర్తిగా మూసికొనియున్నను వేగము తగ్గనిచో, గాలి వేఱొక దొంగదారిన లోనికి వచ్చుచున్నదని తెలియవలెను.

ఈ దొంగగాలి విషయమున కార్ల అనుభవముగల మెకానిక్కులు సైతము పొరపడుదురు. ఇంజనులోనికి పోవు గాలిని సెన్సారుతో నేరుగ కొలుచు కారులో, ఆ సెన్సారును దాటివచ్చిన గాలి లెక్కకు రాదు. మిశ్రమము పలుచనై ఇంజను వణకును. పడవ ఇంజనులలో పెక్కు గాలిని నేరుగ కొలువవు. గొట్టమునందలి పీడనమును, ఉష్ణోగ్రతను, చుట్ల వేగమును చూచి గాలి ఇంతయని గణించును. అట్టి ఇంజనులో గ్యాస్కెటు చీలి గాలి చొరబడినచో పీడనము పెరుగును. కంప్యూటరు దానికి తగినట్లు పెట్రోలును పెంచును. ఇంజను ఆగిపోవుటకు బదులు వేగము హెచ్చి, గేరు వేసినపుడు దబ్బున చప్పుడగును. చీలిక ఒక్క సిలిండరు ప్రక్కననే యున్నచో ఆ సిలిండరు మాత్రము పలుచని మిశ్రమముతో తడబడును. అంతేకాక, పొగలోని ఆమ్లజనిని కొలిచి తప్పును సవరించు సెన్సారు పాత పడవ ఇంజనులలో తఱచుగా ఉండదు. అమెరికాలో పడవ లోపల అమర్చు ఇన్‌బోర్డు ఇంజనులకు, ఆ సెన్సారుతో కలిసి పనిచేయు ఉత్ప్రేరక పరికరములు విస్తృతముగా వచ్చినదే 2010 నాటి నిబంధనల పిమ్మట. సవరించువారు లేనిచోట కొలతలోని తప్పు తప్పుగనే నిలిచిపోవును.

గాలి చొరబడు చోటును వెదకుటకు మండెడు ద్రవములను చల్లు అలవాటు రోడ్డుపై కొందఱికి కలదు. పడవలో అది మహాప్రమాదము. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున చేరి నిప్పురవ్వకై కాచుకొనియుండును. ఇంజను లోపల అమర్చిన పడవలలో స్టార్టు చేయుటకు ముందు కనీసము నాలుగు నిమిషములు బ్లోయరు ఫ్యాను నడుపవలెనను నియమము ఇందుకే ఏర్పడినది. వెదకుటకు పొగయంత్రమో, సన్నని నీటితుంపరయో చాలును.

ఇక ఇంధనము. ఔట్‌బోర్డులలో పెట్రోలు మొదట ఆవిరిని వేఱుచేయు చిన్న తొట్టిని చేరి, అందలి పంపుచేత ఒత్తిడి పొంది ఇంజెక్టర్లకు పోవును. పెక్కు ఇంజనులలో ఆ ఒత్తిడి చదరపు అంగుళమునకు 40 పౌండ్ల ప్రాంతమున ఉండును. సరియైన అంకెను తయారీదారుని పుస్తకమున చూడవలెను. తొట్టిలో తేలుబెండుతో కదలు సూది సరిగా మూయనిచో పెట్రోలు పొర్లి మిశ్రమము చిక్కనగును. అడుగున జిగురు పేరుకొన్నచో పంపు ఆకలిగొనును. పూర్తివేగమున పరుగెత్తి, ఆగి, ఇరువది నిమిషముల పిమ్మట మరల స్టార్టు చేసినపుడు మాత్రమే తడబడు ఇంజనులో దోషము చాలవఱకు వేడికి పెట్రోలు ఆవిరియగుటలో ఉండును.

మన దేశమున 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఔట్‌బోర్డు తయారీదారులలో పెక్కుమంది చిరకాలముగా 10 శాతమునే హద్దుగ చెప్పుచున్నారు. పడవవారు దీనిని ఉపేక్షింపరాదు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. పది శాతపు పెట్రోలు సాధారణోష్ణోగ్రతలో లీటరునకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని కలుపుకొని మోయగలదు. అది మించినచో నీరును ఇథనాలును కలిసి విడివడి, ట్యాంకు అడుగునకు, అనగా గొట్టము పీల్చు చోటునకే, దిగును. వారములకొలది తీరమున కట్టివేసిన పడవకు ఇది సులభముగ సంభవించును. నీటిని వేఱుచేయు ఫిల్టరును విప్పి, అందలి ద్రవమును గాజుసీసాలో పోసి కొంతసేపు కదలకుండ ఉంచినచో రెండు పొరలు కంటికి కనబడును. ఇంత చౌకయైన పరీక్షను విడిచి వేలరూపాయల ఇంజెక్టర్లను మార్చుట నాకు దుఃఖము కలిగించును.

ఉప్పునీటిని నేరుగ పీల్చి చల్లబడు ఇంజనులలో థర్మోస్టాటు, కార్లలోవలె 80, 90 డిగ్రీలకు గాక, 60 సెల్సియస్ డిగ్రీల సమీపముననే తెఱచికొనును. అంతకు మించినచో లవణములు గోడలకు పట్టును. అది తెఱచినట్లే బిగిసిపోయినచో ఇంజను ఎన్నటికిని వేడెక్కదు. కంప్యూటరు ఇంజను ఇంకను చల్లగానే యున్నదని భ్రమించి పెట్రోలును హెచ్చుగ పోయుచుండును. ప్లగ్గులు నల్లబడును, పెట్రోలు నూనెలోనికి దిగి నూనెమట్టము పెరుగును. తుప్పుపట్టిన ఎర్తు తీగలు చేయు హాని వేఱు: బ్యాటరీ వోల్టేజి తగ్గినకొలది ఇంజెక్టరు తెఱచికొనుటకు జాగగును, రెండు మిల్లీసెకనుల కాలములో ఆ జాగు చిన్నది కాదు. ఇవి చక్కగనున్నను వణకు పోనిచో ఒక్కొక్క సిలిండరును వరుసగ ఆపి చూడవలెను. దేనిని ఆపినను వేగము తగ్గదో దోషమచ్చటనే కలదు. ఆ సిలిండరు కంప్రెషనును కొలువక దానిపై మఱియొక రూపాయి వెచ్చింపరాదు. కంప్యూటరును శంకించుట అన్నిటికంటె కడపటిది.

బాగుచేసిన పిదప గట్టుపైన నీటిగొట్టము తగిలించి ఇంజనును విని తృప్తిపడువారు కలరు. ఔట్‌బోర్డు పొగ నీటిలోనికి పోవునట్లు నిర్మింపబడినది. గట్టుపైన ఆ నీటి ఒత్తిడియు లేదు, ప్రొపెల్లరుపై భారమును లేదు. పడవను నీట దింపి, త్రాళ్లతో గట్టిగ బిగించి, ఇంజను వేడెక్కిన పిదప ముందుకును వెనుకకును పెక్కుమార్లు గేరు మార్చి, ఆపి, వేడి లోనికి ఇంకునంతవఱకు ఆగి, మరల స్టార్టు చేసి చూడవలెను. అప్పటి అంకెలను పుస్తకమున వ్రాసియుంచినచో, మఱునాటి మెకానిక్కు కవాటము నిరుడు ఎంత తెఱచియుండెడిదో ఎఱుగును.