కారు పాత సన్‌ఫిల్మ్ తీయాలా? హీట్ గన్ పక్కన పెట్టి బట్టల స్టీమర్ తీసుకోండి

కర్నూలు, కడప రోడ్ల మీద పదేళ్లు దాటిన కార్లను ఒకసారి గమనించండి. అద్దాల మీద ఒకప్పటి బ్లాక్ ఫిల్మ్ వంకాయ రంగుకి తిరిగి, బుడగలు లేచి, అంచుల దగ్గర చుట్టుకుపోయి ఉంటుంది. కడపలో మా మామ సెకండ్ హ్యాండ్‌లో కొన్న హ్యాచ్‌బ్యాక్ కూడా ఇదే బాపతు. రాత్రిపూట మైదుకూరు వైపు వెళ్తుంటే వెనక అద్దంలో లైట్ల వెలుగు తప్ప, అది లారీనా బైకా అన్నది తెలిసేది కాదు. అందుకే ఒక ఆదివారం మొత్తం పెట్టి నేనే తీసేశాను.

ముందు రూల్ సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల నిబంధనల్లో 100వ రూల్ ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అసలు ఏ శాతం ఫిల్మూ అంటించొద్దని తీర్పు ఇచ్చింది. 2022లో హైదరాబాద్ పోలీసులు సినిమా హీరోల కార్లను కూడా ఆపి ఫిల్మ్ తీయించారు. 2012 తీర్పు తర్వాత రూల్‌లో మార్పులు వచ్చాయి. పరిమితి లోపల ఉన్న ఫిల్మ్‌కి ఫైన్ వేయొద్దని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది కూడా. కానీ వంకాయ రంగు ఫిల్మ్ ఏ లెక్కలోనూ పాస్ కాదు.

ఎంత నలుపో మీ ఫోన్‌తోనే చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఫైఫాక్స్ లాంటి యాప్‌లో లైట్ సెన్సర్ రీడింగ్ లక్స్‌లో కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఆ సెన్సర్‌ని యాప్‌లకి ఇవ్వరు. కారుని నీడలో పెట్టి, స్క్రీన్ బయటికి చూసేలా ఫోన్‌ని కదలకుండా పట్టుకుని, కిటికీ దించి ఒక రీడింగ్, ఎత్తి ఒక రీడింగ్ తీసుకోండి. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే చాలు. మామ కారుకి 9,200, 2,600 వచ్చాయి. అంటే 28 శాతం. ల్యాబ్ లెక్క కాదు గానీ, 50కి ఎంత దూరంలో ఉన్నామో తెలియడానికి సరిపోతుంది.

ఇక అసలు పని. ఫిల్మ్ అంటే రంగు కలిపిన పాలిస్టర్ పొర, దాని కింద అక్రిలిక్ జిగురు. ఏళ్ల తరబడి ఎండకి రంగు విరిగిపోతుంది, జిగురు గట్టిపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు లాగితే పైపొర చిరిగి చేతికొస్తుంది, జిగురంతా అద్దానికే ఉండిపోతుంది. ఫోన్ రిపేర్ షాపులో బ్యాక్ గ్లాస్ తీసేటప్పుడు ముందు వేడి పెట్టేది ఎందుకో, ఇక్కడా అందుకే వేడి కావాలి.

యూట్యూబ్‌లో చాలామంది హీట్ గన్ చూపిస్తారు. నాకు అది నచ్చదు. దాని గాలి 500 డిగ్రీలు కూడా దాటగలదు. ఒకే చోట కొన్ని సెకన్లు ఎక్కువ నిలిపితే అద్దం పగలొచ్చు, బీడింగ్ రబ్బరు, డోర్ ప్లాస్టిక్ కరగొచ్చు. బట్టల స్టీమర్ ఆవిరి మాత్రం 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కోడింగ్ భాషలో చెప్పాలంటే హార్డ్ లిమిట్ అన్నమాట. పైగా వేడితో పాటు తడి కూడా వస్తుంది కాబట్టి జిగురు మెత్తబడుతుంది. మన దగ్గర సగం పని ఎండే చేసిపెడుతుంది. కారుని గంట సేపు ఎండలో నిలబెట్టి మొదలుపెడితే స్టీమర్‌కి పని తగ్గుతుంది.

పవర్ విండో స్విచ్‌లు, స్పీకర్ల మీద మందపాటి టవల్ కప్పండి, ఆవిరి నీళ్లు లోపలికి పోకూడదు. కిటికీని రెండు అంగుళాలు దించితే ఫిల్మ్ పై అంచు దొరుకుతుంది. అక్కడ ఆవిరి పట్టి, మూలని గోటితో లేపి, మెల్లగా కిందికి లాగుతూ రావాలి. లాగే చోటే ఆవిరి పడుతుండాలి. తొందరపడితే పొర చిరుగుతుంది. మొదటి కిటికీకి నాకు నలభై నిమిషాలు పట్టింది, నాలుగోది పదిహేనులో అయిపోయింది. మిగిలిన జిగురుకి సబ్బు నీళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అదే, స్క్రీన్ గార్డ్ వేసే ముందు తుడిచే ద్రవం. తలుపులు తెరిచి వాడండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. అమోనియా చిట్కా జోలికి మాత్రం వెళ్లొద్దు. మన ఎండలో కారు లోపల ఆ ఘాటు పీల్చడం ప్రమాదం.

వెనక అద్దం దగ్గర అసలు రిస్క్ ఉంది. దాని మీద అడ్డంగా ఉండే సన్నటి గీతలు డీఫాగర్ తీగలు, అద్దం లోపలి వైపు ముద్రించినవి. ఫిల్మ్ సరిగ్గా వాటి మీదే అంటుకుని ఉంటుంది. కొన్ని కార్లలో రేడియో యాంటెనా కూడా అక్కడే. పక్క అద్దాలని బాగా తడిపి బ్లేడుతో గీరినా పర్లేదు గానీ, ఇక్కడ ఇనుప బ్లేడు పెట్టారంటే గీత తెగినట్టే. ఆవిరి ఎక్కువసేపు పట్టండి, గీతల వెంబడే లాగండి, గీతల వెంబడే మెత్తటి గుడ్డతో తుడవండి. మామ పాత కార్డు ముక్కతో సాయం చేస్తానంటే దానికి కూడా వద్దన్నాను.

అయ్యాక మల్టీమీటర్ తీయండి. డీఫాగర్ ఆన్ చేసి, నెగటివ్ ప్రోబ్‌ని బాడీ గ్రౌండ్‌కి పెట్టి, ప్రతి గీత మధ్యలో రెండోదాన్ని ఆనించండి. బ్యాటరీ వోల్టేజీలో దాదాపు సగం, అంటే 6 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తే గీత బతికే ఉంది. సున్నా గానీ పూర్తి 12 గానీ చూపిస్తే ఎక్కడో తెగింది. తెగిన చోట పూసే సిల్వర్ కండక్టివ్ పెయింట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మా కారులో అన్ని గీతలూ 6కి అటూ ఇటూ వచ్చాయి.

పక్క అద్దం ఫోన్ రీడింగ్ 28 నుంచి 77 శాతానికి వచ్చింది. మామ ప్రశ్న మాత్రం వేరే: "ఏం అబ్బీ, ఉన్న నీడ కాస్తా పీకేస్తివి, ఎండకు మాడిపోమా?"

న్యాయమైన ప్రశ్నే, ఇది కడప మరి. ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. రంగు ఫిల్మ్ ఆపేది ఎక్కువగా కనపడే వెలుతురుని. పీల్చుకున్న వేడిలో కొంత మళ్లీ లోపలికే వదులుతుంది. అందుకే నలుపు అంటే చల్లదనం కాదు. ఎంతో కొంత తేడా ఉంటుంది, అది నిజమే. దానికి బదులుగా పార్కింగ్‌లో ముందు అద్దానికి వెండి రంగు సన్‌షేడ్ పెట్టడం, బయలుదేరాక రెండు నిమిషాలు కిటికీలు దించి వేడిగాలి పోయాక ఏసీ వేయడం మామకి అలవాటు చేశాను. స్టీమర్‌ని అత్త ఇంట్లోకి తీసుకెళ్లిపోయింది, చీరలకి బాగుందట.