న్యూట్రినోలు ఎన్ని రకాలు? కణభౌతికశాస్త్రం, విశ్వోద్భవశాస్త్రం ఇచ్చిన ఒకే సమాధానం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• విశ్వంలోని సాధారణ పదార్థంలో హీలియం సుమారు నాలుగోవంతు ఎందుకు ఉందో లెక్కతో వివరించగలరు.
• న్యూట్రినో రకాల సంఖ్య మారితే హీలియం పరిమాణం ఎందుకు మారుతుందో చెప్పగలరు.
• జెడ్ కణం వెడల్పు నుంచి న్యూట్రినో రకాలను ఎలా లెక్కించారో వివరించగలరు.
• ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడాను గుర్తించగలరు.

1. ఉపోద్ఘాతం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో చూశాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ గ్రహణం లేని సమయంలోనే ఆ జ్వాలలను పరిశీలించాడు. వాటి వర్ణపటంలోని ఒక పసుపుపచ్చ గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ చెందదని తేల్చాడు. సూర్యుడికి గ్రీకు భాషలో ఉన్న పేరును బట్టి ఆ కొత్త మూలకాన్ని హీలియం అన్నారు. 1895లో విలియం రామ్సే దానిని భూమి మీద కనుక్కొన్నాడు.

విశ్వంలో హైడ్రోజన్ తరవాత అత్యధికంగా ఉన్నది ఈ మూలకమే. దాని పరిమాణానికీ, కంటికి కనిపించని న్యూట్రినోలు ఎన్ని రకాలు అనే ప్రశ్నకూ సూటి సంబంధం ఉంది. ఈ భాగంలో ఆ సంబంధాన్ని మెట్టు మెట్టుగా తెలుసుకొందాం.

2. అసలు ప్రశ్న ఏమిటి?

ఎలక్ట్రాన్‌కు ఇద్దరు బరువైన తోబుట్టువులు ఉన్నారని మీరు కిందటి భాగంలో చదివారు: మ్యుయాన్, టౌ. ఈ మూడింటిలో ప్రతిదానికీ జతగా ఒక న్యూట్రినో ఉంది. ఎలక్ట్రాన్ న్యూట్రినో జాడను 1956లో రైన్స్, కోవన్ పట్టుకొన్నారు. మ్యుయాన్ న్యూట్రినో వేరే రకమని 1962లో బ్రూక్‌హేవెన్ ప్రయోగం చూపింది. 1975లో టౌ కణం బయటపడగానే దానికీ ఒక న్యూట్రినో ఉండాలని భావించారు. అది ప్రత్యక్షంగా ప్రయోగానికి చిక్కింది 2000లో మాత్రమే.

మూడుతోనే ఎందుకు ఆగాలి? నాలుగో కుటుంబం ఉండకూడదని సిద్ధాంతం ఎక్కడా చెప్పదు. ఆ కుటుంబంలోని ఆవేశిత కణం చాలా బరువైనదైతే దానిని పుట్టించే శక్తి మన యంత్రాలకు ఉండకపోవచ్చు. కాని దాని న్యూట్రినో తేలికైనదే అయితే? అందువల్ల శాస్త్రజ్ఞులు బరువైన కణాల కోసం వెతకడంతో సరిపెట్టుకోకుండా, తేలికైన న్యూట్రినోలను లెక్కపెట్టే మార్గాలను ఆలోచించారు.

3. మొదటి మూడు నిమిషాల్లో హీలియం

నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తాయి. అయితే విశ్వం వయస్సు మొత్తంలో నక్షత్రాలు తయారు చేయగలిగిన హీలియం కొద్ది శాతం మాత్రమే. పైగా, బరువైన మూలకాలు చాలా తక్కువగా ఉన్న గెలాక్సీల్లో కూడా, అంటే నక్షత్రాల పని ఎక్కువగా జరగని చోట కూడా, హీలియం ద్రవ్యరాశిలో 24-25 శాతం దాకా కనిపిస్తుంది. కాబట్టి ఇందులో అధికభాగం నక్షత్రాల కంటే ముందే తయారై ఉండాలి.

విశ్వం వయస్సు ఒక సెకనుకు లోపు ఉన్నప్పుడు ఉష్ణోగ్రత వెయ్యి కోట్ల కెల్విన్లకు మించి ఉండేది. అప్పుడు దుర్బల పరస్పరచర్యల వల్ల న్యూట్రాన్లు ప్రోటాన్లుగా, ప్రోటాన్లు న్యూట్రాన్లుగా నిరంతరం మారుతూ ఉండేవి. న్యూట్రాన్ ప్రోటాన్ కంటే సుమారు 1.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు బరువైనది. అందువల్ల విశ్వం చల్లబడే కొద్దీ న్యూట్రాన్ల పాలు తగ్గుతూ వచ్చింది.

ఒక దశలో విశ్వవ్యాకోచం ఈ చర్యల కంటే వేగంగా సాగింది. చర్యలు దాదాపు ఆగిపోయాయి. అప్పటికి ప్రతి 6 ప్రోటాన్లకు 1 న్యూట్రాన్ మిగిలింది. స్వేచ్ఛా న్యూట్రాన్ సగటు జీవితకాలం సుమారు 880 సెకన్లు. కాబట్టి తరవాతి నిమిషాల్లో కొన్ని క్షయం చెందాయి. ఉష్ణోగ్రత వంద కోట్ల కెల్విన్లకు దిగి, కేంద్రకాలు చెదరకుండా నిలవగలిగే సమయానికి నిష్పత్తి 1:7 అయింది.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 2 న్యూట్రాన్లు, 14 ప్రోటాన్లు తీసుకోండి. 2 న్యూట్రాన్లు, 2 ప్రోటాన్లు కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతుంది. దాని ద్రవ్యరాశి 4 ప్రమాణాలు. మొత్తం ద్రవ్యరాశి 16 ప్రమాణాలు. మిగిలిన 12 ప్రోటాన్లు హైడ్రోజన్‌గా ఉండిపోతాయి. 16లో 4 అంటే 25 శాతం. టెలిస్కోపులు చూపుతున్నదీ దాదాపు ఇంతే.

4. న్యూట్రినోలు ఈ లెక్కలోకి ఎలా వస్తాయి?

ఆ తొలి క్షణాల్లో విశ్వం శక్తిసాంద్రతలో ఎక్కువ భాగం ఫోటాన్లు, ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు, న్యూట్రినోలది. న్యూట్రినో రకాలు పెరిగితే అదే ఉష్ణోగ్రత వద్ద సాంద్రత పెరుగుతుంది. ఫ్రీడ్‌మన్ సమీకరణం ప్రకారం వ్యాకోచరేటు వర్గం సాంద్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వ్యాకోచం వేగంగా జరుగుతుంది.

నేను తరగతిలో పాఠం చెప్పిన ప్రతి సంవత్సరం ఈ చోట ఎవరో ఒకరు చేయి ఎత్తేవారు: “సాంద్రత ఎక్కువైతే గురుత్వాకర్షణ ఎక్కువ కదా, వ్యాకోచం మందగించాలి గాని వేగం ఎందుకు పెరుగుతుంది?” ఇది మంచి సందేహం. రెండు గ్రహాల నుంచి రెండు వస్తువులు సరిగ్గా పలాయన వేగంతో బయలుదేరాయి అనుకోండి. వాటి కేంద్రాల నుంచి ఒకే దూరంలో చూస్తే, బరువైన గ్రహాన్ని వదిలిన వస్తువుకే ఎక్కువ వేగం ఉంటుంది. అంత వేగం లేకపోతే అది తప్పించుకోలేదు. వ్యాకోచిస్తున్న విశ్వం విషయం కూడా ఇటువంటిదే. సాంద్రత ఎక్కువగా ఉండి కూడా కూలిపోకుండా సాగుతున్నదంటే దాని వ్యాకోచరేటు ఎక్కువే అయి ఉండాలి.

వ్యాకోచం వేగవంతమైతే రెండు ఫలితాలు. మొదటిది, న్యూట్రాన్-ప్రోటాన్ చర్యలు ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత వద్దనే ఆగిపోతాయి, న్యూట్రాన్లు ఎక్కువ మిగులుతాయి. రెండోది, మిగిలినవి క్షయం చెందడానికి వ్యవధి తగ్గుతుంది. రెండూ హీలియంను పెంచేవే. ఒక్కొక్క అదనపు రకానికి హీలియం సుమారు 1.3 శాతం పాళ్లు పెరుగుతుంది.

గ్యారీ స్టైగ్‌మన్, డేవిడ్ ష్రామ్, జేమ్స్ గన్ 1977లో ఈ వాదాన్ని ఉపయోగించి న్యూట్రినో రకాల సంఖ్యకు గరిష్ఠ పరిమితి కట్టారు. హీలియం కొలతలు మెరుగుపడే కొద్దీ ఆ పరిమితి బిగుసుకొంది. 1980ల్లో అది మూడు, మహా అయితే నాలుగు అనే స్థితికి చేరింది.

5. జెడ్ కణం ఇచ్చిన సాక్ష్యం

జెనీవా వద్ద సెర్న్ సంస్థ భూగర్భంలో 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో లెప్ అనే కొలైడర్‌ను నిర్మించింది. 1989లో అందులో ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఢీకొని జెడ్ కణాలు పుట్టసాగాయి. నాలుగు పెద్ద డిటెక్టర్లు వాటిని పరిశీలించాయి. వాటిలో ఎల్3 ప్రయోగంలో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ కూడా పాలుపంచుకొంది.

జెడ్ కణం పుట్టిన వెంటనే క్షయం చెందుతుంది. అనిశ్చితత్వ సూత్రం ప్రకారం జీవితకాలం ఎంత తక్కువైతే దాని శక్తి అంత విస్తరించి కనిపిస్తుంది. అభిఘాత శక్తిని కొద్దికొద్దిగా మారుస్తూ ఎన్ని జెడ్ కణాలు పుట్టాయో గ్రాఫు గీస్తే 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఒక శిఖరం వస్తుంది. ఆ శిఖరం వెడల్పు జీవితకాలాన్ని చెబుతుంది. క్షయమార్గాలు ఎన్ని ఎక్కువైతే వెడల్పు అంత ఎక్కువ, శిఖరం ఎత్తు అంత తక్కువ.

న్యూట్రినోలు డిటెక్టరులో కనిపించకుండా వెళ్ళిపోతాయి. అయినా ఆ మార్గం తెరచి ఉన్నదనే విషయాన్ని వెడల్పు దాచలేదు. మొత్తం వెడల్పు 2495 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇందులో కనిపించే క్షయాల వాటాను తీసివేస్తే సుమారు 499 మిగులుతుంది. ఒక్క న్యూట్రినో రకం వాటా సుమారు 167 అని సిద్ధాంతం చెబుతుంది. 499ని 167తో భాగించండి: దాదాపు 3. మొదటి ఫలితాలు 1989 అక్టోబరులోనే వచ్చాయి. సుమారు 1 కోటి 70 లక్షల జెడ్ క్షయాలను విశ్లేషించి 2006లో ప్రచురించిన విలువ 2.984, అనిశ్చితి 0.008.

6. రెండు సమాధానాల పోలిక

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. లెప్ ఫలితం అయిదు అని వచ్చి ఉంటే, మొదటి మూడు నిమిషాల కథలో ఎక్కడో పెద్ద తప్పు ఉందని ఒప్పుకోవలసి వచ్చేది. పరిమితిని ముందుగానే ప్రకటించి, తరవాత ప్రయోగశాలలో పరీక్షకు నిలబడడం వల్లనే విశ్వోద్భవశాస్త్రం ఊహాగానం కాదన్న నమ్మకం బలపడింది.

రెండు పద్ధతులూ సరిగ్గా ఒకే వస్తువును లెక్కించవు. జెడ్ ద్రవ్యరాశిలో సగం కంటే తేలికై, జెడ్‌తో చర్య జరిపే న్యూట్రినోలను మాత్రమే లెప్ లెక్కిస్తుంది. హీలియం లెక్కలోకి, జెడ్‌తో సంబంధం లేకపోయినా ఆనాడు విశ్వంలో తగినంత సంఖ్యలో ఉన్న తేలికైన కణం ఏదైనా వస్తుంది. అందుకే లెప్ తరవాత కూడా ఈ ప్రశ్న ముగిసిపోలేదు. విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణాన్ని పరిశీలించిన ప్లాంక్ ఉపగ్రహం బృందం 2018లో ఇచ్చిన విలువ 2.99, అనిశ్చితి 0.17. అంటే ఇంకొక పూర్తి రకానికి చోటు దాదాపు లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. న్యూట్రాన్లు అసలు క్షయం చెందకుండా నిష్పత్తి 1:6 గానే నిలిచి ఉంటే హీలియం శాతం ఎంత?
2. జెడ్ కనిపించని వెడల్పు 668 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు అయి ఉంటే న్యూట్రినో రకాలు ఎన్ని?

(జవాబులు: 1. సుమారు 28.6 శాతం, 2. నాలుగు. మీ లెక్క వేరుగా వస్తే 3, 5 విభాగాలను మళ్ళీ చదవండి.)

సారాంశం

తొలి నిమిషాల్లో న్యూట్రాన్-ప్రోటాన్ నిష్పత్తి హీలియం పరిమాణాన్ని నిర్ణయించింది. ఆ నిష్పత్తి వ్యాకోచరేటు మీద, వ్యాకోచరేటు న్యూట్రినో రకాల సంఖ్య మీద ఆధారపడ్డాయి. ఈ దారిలో వచ్చిన పరిమితిని జెడ్ కణం వెడల్పు స్వతంత్రంగా సమర్థించింది. తేలికైన న్యూట్రినోలు మూడు రకాలు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. విశ్వంలోని హీలియం ఎక్కువ భాగం నక్షత్రాల్లో తయారు కాలేదని ఎలా చెప్పగలం? (పది వాక్యాలు)
2. న్యూట్రినో రకాల సంఖ్యను నిర్ణయించే రెండు పద్ధతులను వివరించి, వాటి పరిధులను పోల్చండి. (ముప్ఫై వాక్యాలు)