వడ్లగింజ మొన: ఉదరజలమును తీయు గొట్టము కథ

మన రాయలసీమలోని అగళి, రొళ్ల, మడకశిర ప్రాంతములలో పొట్ట నీటితో నిండి, కాళ్లు పొంగి, పరుండిన ఊపిరాడక, కూర్చుండిన నడుము నిలువక, ఎట్టకేలకు హిందూపురమునకో, సరిహద్దు దాటి శిరా తుమకూరులకో ఆసుపత్రికి బయలుదేరిన మనిషికి, ఇరుగుపొరుగువారు తప్పక చెప్పు మాట యొకటి కలదు: "ఒకసారి నీళ్లు తీపిచ్చుకుంటే మళ్లా మళ్లా తీపిచ్చుకోవాల్సిందే, మామా." ఈ భయము అకారణమైనది కాదు. కాని అది నీరు తీయు సూదిపై మోపుచున్న నింద న్యాయముగ రోగమునకు చెందవలసినది. కాలేయము గట్టిపడినపుడు, పేగుల నుండి దానికి రక్తమును దెచ్చు పెద్దసిరలో ఒత్తిడి పెరిగి, మూత్రపిండములు ఉప్పును, ఉప్పు వెంట నీటిని బిగబట్టుకొనుట వలన ఉదరమున నీరూరును. క్షయగాని, పుట్టకురుపుగాని, గుండెజబ్బుగాని కారణమైనచో అది వేరు మార్గమున ఊరును. మూలము మానని యెడల నీరు మరల చేరును. సూది చేయునది ఆ భారమును దించుట, ఆ మూలమెయ్యదియో తెలుపుట.

ఈ భయము మన గ్రంథములలోనే మిక్కిలి ప్రాచీనమైనది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున జలోదరమునకు చెప్పిన శస్త్రకర్మను చదివినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచునే యుండును. రోగిని చంకల వరకు వస్త్రముతో చుట్టి, ఆప్తులు గట్టిగ పట్టుకొనియుండగా, నాభికి దిగువను, నూగారుకు ఎడమవైపున నాలుగంగుళముల ఎడము విడిచి, వ్రీహిముఖమను శస్త్రముతో బొటనవ్రేలి మందము లోతున గ్రుచ్చవలెను. వ్రీహి యనగా వడ్లు. ఆ శస్త్రపు మొన వడ్లగింజ కొనవలె నుండును. పిదప తగరము మొదలగు లోహపు గొట్టమునుగాని, రెండువైపుల తెరచిన పక్షి యీక కాడనుగాని అందమర్చి నీటిని వెలికి విడువవలెను. ఇంతవరకు పరికరము సంగతి. అటుపై సుశ్రుతుడు చేసిన హెచ్చరికయే ఈ గొట్టపు చరిత్రకంతటికి ఆయువుపట్టు: నీటినంతయు ఒకే దినమున తీయరాదు, తీసినచో దాహము, జ్వరము, ఒళ్లునొప్పులు, అతిసారము, ఆయాసము, దగ్గు, పాదముల మంట పుట్టును, బలహీనుని పొట్ట మునుపటికంటె అధికముగ నిండును. కావున కొన్ని రాత్రుల ఎడమిచ్చుచు కొంచెము కొంచెముగ తీసి, తీసిన పిమ్మట ఉన్నితోగాని, పట్టుతోగాని, తోలుతోగాని పొట్టను బిగించి కట్టవలెను.

ఉన్ని, పట్టు, తోలు, ఆ మూడును మన సీమవే గదా! కురుబల గొంగళి, ధర్మవరపు పట్టు, ఆ మండలమందే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారి తోలు. ఆ కట్టు ఏల కట్టుదురో సుశ్రుతుడు వాయువు పేరున చెప్పెను. లోపలి ఒత్తిడి హఠాత్తుగ సడలిన దేహము తూలిపోవునని నేటి వైద్యులు చెప్పుదురు.

పశ్చిమమున క్రీస్తుశకము మొదటి శతాబ్దపు రోమను రచయిత సెల్సస్ సీసపు లేక కంచు గొట్టమును వర్ణించి, అది లోనికి జారిపోకుండ దానికొక అంచు నుండవలెనని చెప్పెను. అయితే కత్తి వేరు, గొట్టము వేరు అయినంతకాలము ఒక చిక్కు వదలలేదు. కత్తిని పైకి లాగిన క్షణమున చర్మము, కండరము, లోపొర ఒకదానిపై నొకటి జరిగి రంధ్రము మూసికొనును; గొట్టము దారి వెదకికొనవలసి వచ్చును. 17వ శతాబ్దమున ఐరోపాలో రూపుదాల్చిన ట్రోకారు ఈ చిక్కును విడదీసెను. గొట్టములోనే మూడంచుల మొన యుండును. రెండును కలసి లోనికి పోవును. మొన వెనుకకు వచ్చును, గొట్టము నిలిచిపోవును. దాని ఫ్రెంచి పేరునందే ఆ మూడంచులు దాగియున్నవి. కడుపుబ్బిన ఆవుకు పశువైద్యుడు ఎడమ డొక్కలో గ్రుచ్చు గొట్టము దీని తోబుట్టువు.

ఆ కాలపు రోగుల సహనమును తలచిన కన్నులు చెమ్మగిల్లును. 1728లో మరణించిన మేరీ పేజ్ అను లండను వనితకు 67 మాసములలో 66 మారులు నీరు తీసిరని, మొత్తము 240 గాలనులని, ఆమె సమాధిపైననే చెక్కియున్నది. సంగీతకారుడు బీథోవెనుకు వియన్నాలో 1826 డిసెంబరు 20న మొదటిసారి, 1827 ఫిబ్రవరి ముగియులోపల మరి మూడుసారులు గ్రుచ్చిరి. ఆ గాయము వాచి, నీరు కారుచు ఆయనను వేధించెను. మార్చి 26న ఆయన మరణించెను. శస్త్రమును శుద్ధి చేయవలెనను పద్ధతిని శస్త్రవైద్యుడు లిస్టరు 1867లోగాని ప్రకటింపలేదు.

ఇరువదవ శతాబ్దపు నడుమ మూత్రము జారీ చేయు మాత్రలు రాగా, ఈ గొట్టము మూలకు చేరెను. మరల దానిని మంచము చెంతకు దెచ్చినవారు బార్సెలోనా వైద్యులు. ఝినెస్, ఆరోయో మొదలగువారు 1987, 1988 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలలో, అధికముగ నీరు తీసినను రక్తములోనికి ఆల్బుమిను ఎక్కించినచో దేహము తట్టుకొనుననియు, ఎక్కింపనిచో మూత్రపిండములు దెబ్బతినవచ్చుననియు తేల్చిరి. ఆల్బుమిను నీటిని రక్తనాళములలో నిలిపియుంచు మాంసకృత్తు. సుశ్రుతుడు వెలుపల కట్టిన కట్టును వీరు రక్తములోపలనే కట్టిరని నా మనసునకు తోచును. 

ఇక నేడు ఆసుపత్రిలో జరుగునదేమి? మొదట మూత్రము పోసి రమ్మందురు. మూత్రాశయము నిండియున్న సూదికి అడ్డు వచ్చును. తల కొంచెము ఎత్తుగ వెల్లకిల పరుండబెట్టి, అల్ట్రాసౌండుతో నీరున్న తావును, పేగులు లేని తావును చూచి గుర్తు పెట్టుదురు. అది తరచుగ పొట్ట ఎడమ దిగువనే, సుశ్రుతుడు చెప్పిన వైపుననే. మందు పూసి, మత్తుసూది వేయుదురు. ఆ చురుకే ముఖ్యమైన నొప్పి. పిదప ఒత్తిడి మాత్రము తెలియును. చర్మమును కొంచెము ప్రక్కకు లాగి గ్రుచ్చుదురు. సూది తీయగనే పొరలు తమ చోటికి జారి దారి మూసికొనును. నాడు గొట్టమునకు శత్రువైన జారుడే నేడు కారుడు నాపు ఉపాయమైనది.

తొలి నీటిని పరీక్షకు పంపుదురు. ఘన మిల్లీమీటరుకు 250 లేక అంతకు మించి న్యూట్రోఫిలు కణములున్నచో లోపలి నీటికి సూక్ష్మజీవులు సోకినవని తలచి వెంటనే మందు మొదలిడుదురు. గడ్డిరంగు నీరు సంచిలోనికి గంటల తరబడి దిగును. కాలేయము గట్టిపడినవారికి ఐదు లీటర్లు మించి తీసినపుడు లీటరుకు 6 నుండి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిను ఎక్కింతురు: 8 లీటర్లకు, 20 గ్రాముల సీసాలు సుమారు మూడు. వెల హెచ్చని ఇంటివారు వెనుదీయుట సహజము. కాని అది నీటి వెంట పోయిన బలమునకు బదులుగ వచ్చునది, వదలుకొనదగినది కాదు. కన్నులు తిరిగినను, చెమట పట్టినను "నర్సమ్మా, ఒకలా ఉంది" అని వెంటనే చెప్పవలెను. ఓర్చుకొనుట అక్కడ సుగుణము కాదు.

గొట్టము తీసినచోట పట్టీ వేసి, తీసిన వైపు పైకి ఉండునట్లు ఒత్తిగిల్లి పరుండుమందురు. ఒకటి రెండు దినములు ఆ పట్టీ తడియుట వింత కాదు. జ్వరము, పొట్టనొప్పి, నెత్తురు, మాట తడబాటు కనబడినచో తెల్లవారు వరకు ఆగక తిరిగి పోవలెను. ఇంటికి చేరిన మామ రాగిసంగటి ప్రక్కన ఊరుగాయ లేదేమని అడిగినపుడు, ఉప్పు వెంట నీరు చేరునని ఇంటివారు చెప్పి, నీరు మరల ఊరుచున్నదేమో తెలియుటకు దినదినము వేకువనే అతని చేయి పట్టుకొని బరువు తూచు యంత్రముపై నిలువబెట్టి, ఆ అంకెను గోడమీది క్యాలెండరులో వ్రాయుదురు.