కారు వెనుక బ్రేకు ప్యాడ్ల మార్పిడి: ఇంటివద్ద పాటించవలసిన జాగ్రత్తలు

చిన్న కార్లలో అనేకం వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు కలిగి ఉంటాయి. వాటిలో ప్యాడ్లకు బదులు బ్రేకు షూలు ఉంటాయి. ఈ వివరణ వెనుక డిస్కు బ్రేకులున్న కార్లకు మాత్రమే వర్తిస్తుంది.

ప్యాడు మందం సుమారు 3 మిల్లీమీటర్లకు తగ్గినప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చవలెను.

హ్యాండ్ బ్రేకు సాధారణంగా వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది. ఈ పనికి దానిని వదలక తప్పదు. కనుక ముందుగా ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు లేదా దిమ్మెలు అడ్డుపెట్టవలెను. కవితాళ ప్రాంతపు నల్లరేగడి నేలలో జాకీ దిగబడును. గట్టి, సమతలమైన చోటనే బండిని నిలపాలి. జాకీని మాత్రమే నమ్మక స్టాండు అమర్చాలి.

విప్పిన క్యాలిపర్‌ను గొట్టంపై వేలాడనీయక తీగతో కట్టాలి. పిస్టన్‌ను అనేక కార్లలో తిప్పుతూ లోనికి నెట్టవలెను. బలవంతంగా అదిమితే హ్యాండ్ బ్రేకు యంత్రాంగం చెడును. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్నచో మెకానిక్కుకు అప్పగించడమే క్షేమం.

బ్రేకు ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. కొత్త ప్యాడ్లకు, డిస్కుకు నూనె గానీ గ్రీజు గానీ అంటరాదు.

చక్రం బిగించి బండిని దింపిన తరువాత, కదిలించకముందే పెడల్ గట్టిపడేవరకు పలుమార్లు తొక్కాలి. ఇది మరచినచో మొదటి తొక్కుకు బ్రేకు పడదు. తరువాత కూడా పెడల్ మెత్తగానే ఉన్నచో బండిని రోడ్డెక్కించరాదు.