12 వోల్ట్ల బ్యాటరీకి ఎన్ని వోల్ట్లు పెట్టాలి?

ఇప్పుడు మన ఇళ్లలో బైకుకి ఒకటి, జీవామృతం కొట్టే స్ప్రేయర్‌కి ఒకటి చిన్న బ్యాటరీలు ఉంటున్నాయి. రెండింటి మీదా 12 వోల్ట్లు అనే రాసి ఉంటుంది. కానీ 12 వోల్ట్లు పెడితే అవి ఎక్కవు. ఎత్తులో ఉన్న తొట్టి నుంచే కదా మడిలోకి నీళ్లు పారేది, ఇదీ అంతే. బయటి వోల్టేజి ఎక్కువ ఉంటేనే కరెంటు లోపలికి పోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాక, కాసేపు పక్కన పెట్టి కొలిస్తే 12.7 వోల్ట్లు చూపిస్తుంది. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే. చార్జింగ్‌లో 14.4 వరకు వెళ్లనివ్వాలి. నిండాక కూడా తీయకుండా ఉంచాలంటే 13.5 నుంచి 13.8 చాలు. అంతకు మించితే లోపలి నీరు హైడ్రోజన్ వాయువుగా పోతుంది, సీల్డ్ బ్యాటరీ అయితే ఉబ్బుతుంది.

కొంతమంది సోలార్ ప్యానెల్ వైర్లు నేరుగా తగిలిస్తున్నారు. 12 వోల్ట్ల ప్యానెల్ అన్నది ఎండలో, ఏమీ తగిలించనప్పుడు 21 వోల్ట్ల దాకా చూపిస్తుంది. మధ్యలో చార్జ్ కంట్రోలర్ తప్పనిసరి.

ఆంపియర్లు కూడా చూడండి. బ్యాటరీ మీద ఉన్న ఏహెచ్ అంకెలో పదో వంతు మంచిది. 4 ఏహెచ్‌కి 0.4, 8 ఏహెచ్‌కి 0.8 ఆంపియర్లు. ట్రాక్టర్ బ్యాటరీల పెద్ద చార్జర్ దీనికి పెడితే వేడెక్కి పాడవుతుంది.

లిథియం అని రాసి ఉంటే దాని చార్జరే వాడండి. 3 సెల్స్ వరుసగా ఉన్న లిథియం అయాన్ ప్యాక్ 12.6 దగ్గరే ఆగాలి. దానికి 14.4 ఇస్తే మంటలు రావచ్చు.

మరికొన్ని జాగ్రత్తలు:
- గాలి ఆడే చోట, గడ్డివాముకి దూరంగా పెట్టండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు.
- ముందు క్లిప్పులు తగిలించి, తర్వాతే స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపండి.
- నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు వద్దు.
- ఉబ్బిన బ్యాటరీని చార్జింగ్ పెట్టొద్దు. పాతదాన్ని పొలంలో పగలగొట్టొద్దు, అందులోని సీసం మట్టిలోనే ఉండిపోతుంది. షాపులో తిరిగి ఇచ్చేయండి.

మల్టీమీటర్‌తో కొలిచే పద్ధతి కింది వీడియోలో చూడండి.